గోడకు ఉత్తరాన

ఏడు కొబ్బరిచెట్లు, ఒక చేతిపంపు, అక్క చేపలు తోమే బండ, హోటలు ముందున్న రేకుల పందిరి, వంటింటి తూర్పు గోడ, ఆ గోడకూ నీటికీ మధ్య డెబ్బై అడుగుల ఇసుక. మూడు వానాకాలాల్లో పోయినవి ఇవి. మిగిలింది భోజనాల గది, దాని వెనక అక్క పడుకునే గది. అవి నిలుస్తాయా అన్నదే మా ఇద్దరి బెంగ.

నేను మార్కాపురంలో పలకల కార్ఖానాకు రాయి కొలుస్తాను. అక్కను ఒంగోలు అవతల సముద్రపు ఒడ్డు పల్లెకు ఇచ్చారు. బావ పోయాక అక్కడే హోటలు నడుపుకుంటోంది. దానికి దక్షిణాన గెస్ట్‌హౌస్ కట్టినవాడు మా ఊరివాడే, వరసకు మామ. తన ముంగిట ఇసుక పెరగాలని మార్కాపురం నుంచి లారీల్లో పనికిరాని పలకరాయి తెప్పించి, తన స్థలానికీ అక్క స్థలానికీ మధ్య ఒడ్డు నుంచి నీళ్లలోకి పొడవాటి గోడ పేర్చాడు.

ఆ ఆలోచన ఎక్కడిదో నాకు తెలుసు. మా వాగుల్లో వరద తగ్గాక రాళ్లు అడ్డం పేరుస్తారు. ఎగువన ఇసుక ఆగుతుంది, అందులో చెలమ తవ్వితే వేసవిలోనూ నీళ్లు ఊరతాయి. దిగువవాడికి రాతినేల మిగులుతుంది.

సముద్రానికి ఎగువా దిగువా ఉంటాయంటే మొదట నమ్మలేదు. అల తెచ్చింది అలే తీసుకుపోతుంది, లెక్క సరిపోతుందనుకున్నాను. అక్క దగ్గరికి వచ్చినప్పుడు ఒకరోజు పలక ముక్కలకు ఎర్రరంగు పూసి తడి ఇసుకలో వదిలి చూశాను. అల ఆగ్నేయం నుంచి వాలుగా ఒడ్డెక్కింది. దిగేటప్పుడు తిన్నగా పల్లానికి జారింది. అలా ఎక్కి దిగిన ప్రతిసారీ ముక్కలు కాస్త ఉత్తరానికి జరిగాయి. సాయంత్రానికి ఉత్తరాన పడవలు కట్టేచోట దొరికాయి. ఇసుకదీ అదే దారి. చలికాలం గాలులకు కొంత వెనక్కి వస్తుంది గాని, పోయినంత రాదు. మామ గోడ ఆ నడకను ఆపింది. దక్షిణాన ఆయన ఇసుక పెరిగింది. ఉత్తరాన, అక్క వైపు, ఇసుకను తీసుకుపోయే అల ఉంది, వచ్చే ఇసుక లేదు. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువగా లేచి వంటింటి పునాదిని నాకేది.

గోడ మూలలో నీళ్లు కదలవు. గెస్ట్‌హౌస్ బిర్యానీ ఎముకలు, చిన్నపిల్లల డైపర్లు, కాలువలో నుంచి దిగే జిడ్డు అక్కడే ఉబ్బి తేలుతుంటాయి. అక్క హోటలుకు వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయేవారు.

మామ మాత్రం వచ్చేవాడు. గుట్కా ఉమ్మి, నోరు పుక్కిలించి, అక్క దగ్గర చేపల పులుసు డబ్బివ్వకుండా తినేవాడు.

"ఏంది అల్లుడా, సముద్రానికి గూడా లెక్క గడుతున్నావంట?" అన్నాడు వేళ్లు నాక్కుంటూ.

"నీ గోడ కట్టినాకనే మామా, ఇల్లు పోతాండేది."

"సముద్రం తీసుకపోయేది తీసుకపోతాది. నాదేముంది అందులో?"

అక్క గరిటె దించింది. "మామా, మన వాగులో పైచేని వాళ్లు రాళ్లు పేర్చినారని కట్టె తీసుకుని పోయింది ఎవురు? నీ చెలమ ఎండిందని వీధంతా తిట్టినావు గదా. అప్పుడు వాగు తీసుకపోయేది తీసుకపోతాదని ఎందుకు అనలేదు?"

భోజనాలకు కూర్చున్నవాళ్లు నవ్వారు. మామ ముఖం కందింది. పదిమంది ముందు పరువు నిలుపుకోవడానికి, "సరేలేమ్మా, నా పక్క ఇసుక రెండువందల టిప్పర్లు ఎత్తి నీ పక్క పోపిస్తా. చాల్నా?" అన్నాడు.

గోడ తీయమన్నాను. అది మాత్రం వినలేదు. పోటు గీతకు పైన పోయించమని, కొబ్బరి మట్టతో గీత గీసి మరీ చూపించాను. పన్నెండు టిప్పర్లు వచ్చాయి. డీజిలు మిగులుతుందని డ్రైవర్లు గీతకు కింద, నీటి అంచునే కుమ్మరించారు. మర్నాడు అమావాస్య. పొద్దున చూస్తే ఇసుక లేదు, దానితో వచ్చిన సీసా పెంకులు, గుట్కా కవర్లు మాత్రం గుమ్మం ముందు పరిచినట్టున్నాయి. అక్క చీపురు తెచ్చింది.

మామకు ఫోను చేశాను. "పోపించినా గదా అల్లుడా, సముద్రం తింటే నేనేం జేసేది?" అన్నాడు. నోట్లో ఏదో నములుతున్న చప్పుడు.

నీళ్లు తిన్న ఆ పన్నెండు టిప్పర్లనూ వచ్చినట్టే లెక్కలో రాసుకున్నాను. భోజనాల గది మెట్టుకు ఇప్పుడు నీరు పదకొండు అడుగుల దూరంలో ఉంది. రావలసినవి ఇంకా నూట ఎనభై ఎనిమిది టిప్పర్లు.