తూము లేని కాలువలో మా బాపు

మా చిన్నప్పుడు కోటగిరిలో నీళ్లంటే కాలువ నీళ్లే... తూము ఎత్తితే వచ్చేవి, మూస్తే ఆగేవి. సముద్రం గురించి బడి పుస్తకంలో చదవడమే తప్ప చూసింది లేదు.

మా పక్క పొలం వాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. వాళ్లమ్మాయి రాణక్క పెళ్లి సొంతూళ్లోనే పెట్టుకున్నారు... సముద్రం పక్కన ఒక లంక. పెళ్లికూతురిని చేసే రోజు తోటి పెళ్లికూతురిగా నన్నే కూర్చోబెట్టుకుంటానని అక్క మాటిచ్చింది. నాలుగో తరగతి పిల్లకు అంతకన్నా ఏం కావాలి! దారంతా కొత్త పట్టులంగా ఒళ్లోంచి దించలేదు.

ఆ రోజు పొద్దున్నే రేవులో పడవాయన అడిగాడు. "సముద్రం మీంచి వెళ్దామాండి, పాయలోంచా? పాయలో ఇంకాసేపట్లో నీరు లాగేస్తుందండి."

అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు. అవ్వ సముద్రాన్ని చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాపు మాత్రం నవ్వాడు.

"కాలువ నీళ్లల్ల పెరిగినోణ్ని, నాకు చెప్తున్నవా? గిన్ని నీళ్లు గంటల యాడికి పోతయ్? పాయలకెల్లి పోనియ్యి."

గంటలో నిజంగానే పోయాయి... పడవ బురదలో కూర్చుంది. బాపు పంచె ఎగ్గట్టి దిగి, మోకాలిలోతు బురదలో నిలబడి అటూ ఇటూ చూశాడు. మా దగ్గర కాలువ నీళ్లు వదిలే మనిషిని లస్కర్ అంటారు. "తూము యాడుంది? గీడ లస్కర్ ఎవడు?" అని కోపంగా అడిగాడు.

"చంద్రుడండి" అన్నాడు పడవాయన, తాపీగా చుట్ట వెలిగించుకుంటూ. "ఆయన వదిలినప్పుడేనండి."

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నాకేమో ఏడుపు ఆగలేదు. నా పీట మీద ఈపాటికి ఇంకెవరినో కూర్చోబెట్టి ఉంటారు...

మధ్యాహ్నం దాటాక నీళ్లు వచ్చాయి. బురద కాళ్లతోనే పందిట్లోకి పరిగెత్తాను. మంచి గడియ దాటిపోయిందని పెద్దవాళ్లు గొణుగుతున్నారు. రాణక్క పొద్దున్నుంచి ఏమీ తినకుండా అలాగే కూర్చుని ఉంది, పక్కన పీట ఖాళీగా పెట్టుకుని.

"నువ్వొస్తేగానీ నాకు పసుపు రాయొద్దని చెప్పేశానే! ఇంతసేపా?" అంటూ నన్ను లాక్కుని కూర్చోబెట్టుకుంది. ఆ రోజు నా అంత గొప్పదాన్ని నేనే.

తిరుగు ప్రయాణంలో పడవాయన నోరు తెరవకముందే బాపు అన్నాడు, "సముద్రం మీదికెల్లే పోదాం తియ్యి."

ఇప్పుడు ఆ లంకకు వంతెన పడిందట. ఏ దారిలో ఎన్ని నిమిషాలో ఫోనే చెబుతుంది. అయినా ఆలస్యమైతే, "మీరు కానిచ్చేయండి" అని మనమే మెసేజ్ పెట్టేస్తాం... వాళ్లూ కానిచ్చేస్తారు.

మీకోసం మంచి గడియను కూడా ఆపిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే పేరొక్కటి రాయండి... చాలు.