మెరిస్తే మొండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ నన్ను తెలివైన పిల్ల అనేవారు. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ, నాకు మాత్రం ఏ సంగతీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగే పిల్లలకి అయోమయం ఉగ్గుపాలతోనే అబ్బుతుందేమో. ఇంట్లో ఒక భాష, వీధి కుళాయి దగ్గర ఇంకొకటి, గోల్‌బజార్‌లో చేపలు బేరమాడేటప్పుడు మరొకటి. వర్క్‌షాపు సైరన్ కూసినప్పుడు అది నాన్న వెళ్ళే వేళకో వచ్చే వేళకో కూడా నాకు గుర్తుండేది కాదు. అయినా అంతా తెలిసినట్టు తల ఊపడం మాత్రం బాగా వచ్చు. ఆ తల ఊపుడే ఒకసారి నా కొంప ముంచింది.

మా తాతయ్య, అంటే నాన్నకి నాన్న, పడుచు వయసులోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరినవాడు. ఇనుముతో ఏదైనా పోత పోయాలంటే ముందు దాని నమూనా చెక్కతో చెయ్యాలి. అది ఆయన పని. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి రిటైరై మాతోనే ఉంటున్నాడు. ఖాళీగా కూర్చోలేక, పాత కుట్టు మిషను స్టాండు ఒకటి సంపాదించి, దాని మీద కాలితో తొక్కే తరిమెన ఒకటి అమర్చుకున్నాడు. తొక్కుతుంటే కర్ర గిర్రున తిరుగుతుంది; తిరిగే కర్ర మీద ఉలి పెట్టి గుండ్రంగా తీర్చుతాడు. మా లైనులో ఆయన చేసిన అప్పడాల కర్ర లేని వంటిల్లు ఉండేది కాదు.

ఆయన ఉలుల్లో ఒకదాని అంచు తిన్నగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. ఒక మొన ముందుకి, ఒక మొన వెనక్కి. వర్క్‌షాపు భాషలో దాన్ని స్క్యూ అనేవాడు. అరిగిపోయిన ఆకురాయిని సాన పట్టి తనే చేసుకున్నాడు. దాన్ని వాడే తీరు చూస్తే నాకు మతి పోయేది. అంత పదును పెట్టిన ఉలిని ముందు ఏమీ తెగకుండా కర్రకి ఆనించాలట. ఉలి చెంప, అంటే అంచు పక్కనున్న నున్నటి వాలు, ఆనిన తర్వాత పిడిని వెంట్రుకవాసి చొప్పున ఎత్తుతూ పోతే, అంచు మధ్యభాగం మెల్లగా కర్రని అందుకుంటుంది. అప్పుడు ఉల్లిపొర లాంటి పొట్టు లేస్తుంది. తొందరపడి ముందున్న మొన తగిలించామా, ఉలి లటుక్కున కర్రలోకి దిగబడి చేతిని కూడా లాగేస్తుంది. సరిగ్గా తీసిన కర్ర మీద చెయ్యి జారిపోయేది. దానికి మళ్ళీ ఉప్పు కాగితం రుద్దడమంటే మా తాతయ్యకి నామోషీ.

ఆయన కళ్ళకి అప్పటికే పొరలు కమ్ముతున్నాయి. నూనె రాయి మీద ఉలిని అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు నూరడానికి కళ్ళతో పని లేదు, చేతులకే తెలుసు. అంచు చూడ్డానికి మాత్రం నన్ను కేకేసేవాడు.

“ఒలే అమ్మీ, ఇలా రా. ఈ అంచు మీద ఏటైనా మెరస్తందేటి, ఎండకేసి సూడు.”

మొదటిసారి నేను ఎండలోకి తిప్పి చూస్తే అంచు పొడవునా సన్నని తెల్లగీత తళుక్కుమంది. “మిలమిలా మెరస్తంది తాతా!” అన్నాను, నేనే నూరినంత గర్వంగా. ఆయన నిట్టూర్చి మళ్ళీ రాయి ముందు కూర్చున్నాడు. మర్నాడూ అంతే. మూడోనాడు నాకు కోపం వచ్చింది. ఇంత మెరుస్తుంటే ఇంకేం కావాలి ఈ ముసలాయనకి?

అప్పుడు చెప్పాడు. “మెరిసిందంటే మొండి, అమ్మీ. అంచు మీద ఎలుతురు నిలబడిందంటే, నిలబడ్డానికి అక్కడ సోటుందన్నమాట. పదునైన అంచు మీద ఎలుతురు ఆగదు. నీకేటీ కనబడకూడదు.”

నేను తల ఊపాను. బుర్రకి మాత్రం ఎక్కలేదు. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమి, అవి మెరవకపోతే అమ్మ చేత చీవాట్లు తినే పిల్లని. మెరిస్తే తప్పంటే ఎలా? ఏమీ కనబడనప్పుడే బాగుందని చెప్పాలట. కనబడనిదాన్ని చూడ్డమేమిటో నాకు తెలియలేదు. అయినా రోజూ పిలిచేవాడు, రోజూ చూసి చెప్పేదాన్ని.

ఆ ఏడాది మా ఇంటికి ఉన్న దిగులంతా మా తమ్ముడి గురించే. వాడికి రెండేళ్ళు దాటినా నడక రాలేదు. నిలబెడితే రెండు క్షణాలు నిలబడి చతికిలబడేవాడు. కుళాయి దగ్గర అడిగినవాళ్ళకి జవాబు చెప్పలేక అమ్మ నీళ్ళకి వేళ కాని వేళలో వెళ్ళేది. డాక్టరు చూసి, కాళ్ళలో లోపం లేదు, భయం ఉంది, పట్టుకుని నిలబడే అలవాటు చెయ్యమన్నాడు. మా తాతయ్య వెంటనే టేకు ముక్కలు ఏరి, మూడు చక్రాల నడక బండి మొదలుపెట్టాడు. చక్రాలయ్యాయి, చట్రం అయింది. పిల్లవాడు చేతులతో పట్టుకునే అడ్డకర్ర ఒక్కటే మిగిలింది. మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు పనిముట్లకి బొట్టు పెట్టి దణ్ణం పెడతారే గానీ పనిలో పెట్టరు. అందుకని ఆ సాయంత్రమే కర్ర తీసెయ్యాలని ఆయన పట్టు.

విశ్వకర్మ పూజ అంటే మా ఊళ్ళో గాలిపటాల రోజు కూడా. పక్కింటి బెంగాలీ దీదీ వాళ్ళ అన్నలు పెరట్లో సగ్గుబియ్యం గంజిలో గాజుపొడి కలిపి దారానికి పూస్తున్నారు. దీదీ గోడ మీంచి తల పెట్టి “జల్దీ ఆవ్! దారం ఆరిపోతోంది” అని పిలుస్తోంది. ఇక్కడ తాతయ్య నూరుతున్నాడు. “సూడమ్మీ.” చూశాను. మెరుస్తోంది. మళ్ళీ నూరాడు. చూశాను. తగ్గింది గానీ అంచు మధ్యలో గోరంత మేర తెల్లగీత అలాగే ఉంది. మూడోసారి ఉలి చేతిలోకి తీసుకున్నానే గానీ నా చెవులు గోడ అవతలే ఉన్నాయి. గీత ఉంది. నేను చూశాను. చూసి కూడా, “ఏటీ నేదు తాతా” అన్నాను.

ఆయన నా వైపు మొహం తిప్పాడు. “నేదా?” అన్నాడు. తల ఊపాను. మసక చూపుకి నా తల ఊపుడు కనబడిందో లేదో. సరేనని తరిమెన వైపు తిరిగాడు. నేను గోడ దూకాను.

పూజ అయింది. ఆ మర్నాడు పొద్దున్న తమ్ముణ్ణి బండి దగ్గర నిలబెట్టారు. వాడు రెండు చేతులతో కర్ర పట్టుకున్నాడు. ఒక అడుగు పడింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండో అడుగు పడింది. చక్రం జరిగేసరికి వాడి చేతులు కర్ర మీద జారాయి, కెవ్వుమన్నాడు. అరచేతిలో పేడు గుచ్చుకుంది. మొండి ఉలి కర్రని కొయ్యలేదు, పీకింది. ఆ లేచిన నారలు కాయలు కాసిన తాతయ్య చేతులకి తెలియలేదు, పసివాడి చేతికి తెలిశాయి. ఆ తర్వాత బండి ఎదురుగా పెడితే చాలు, వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. అంతకుముందు నిలబడే ఆ రెండు క్షణాలు కూడా నిలబడ్డం మానేశాడు.

రెండు రోజులు చూసి నాన్న అన్నాడు, “నాన్నా, కళ్ళు కనబడ్డం నేదు గదా, ఇంకేటి ఈ పని? ఆదివారం ఆ మిషను విప్పీసి పాత సామానోడికి ఇచ్చీద్దాం.” అమ్మ నడక బండిని తలుపు వెనక్కి తోసేసింది. అదే ఎక్కువగా తగిలింది ఆయనకి.

“తప్పు నాదేరా. పదును సూసుకోనేదు” అన్నాడు తాతయ్య.

పదును చూసింది నేను. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మరి నా పేరు ఎందుకు చెప్పడు? మర్చిపోయాడా? నన్ను కాపాడుతున్నాడా? తిట్టినా బాగుండేది, ఏడ్చి ఊరుకుందును. ఆ ఆదివారం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. నాన్న పానా తీసుకుని వరండాలోకి వెళ్తుంటే ఇక ఆగలేక, “నేనే అబద్ధమాడినాను. గీత ఉంది. నేదని సెప్పినాను” అని ఏడ్చేశాను. నాన్న చెయ్యెత్తాడు. తాతయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపి, నన్ను తరిమెన దగ్గరికి తీసుకుపోయాడు.

అక్కడ కూర్చోబెట్టి, ఉలి తీసి, దాని అంచు తన బొటనవేలి గోరు మీద ఏటవాలుగా పెట్టాడు. పదునైతే గోరుని పట్టుకుంటుందట, మొండిదైతే జారిపోతుందట. అది జారిపోయింది. కళ్ళు లేకపోయినా పదును చూసే ఉపాయం ఆయన దగ్గర మొదటినుంచీ ఉందన్నమాట. నాకు మరీ అయోమయం.

“మరి ఆ రోజు గోరు మీద పెట్టి సూడనేదేటి తాతా?”

“సూసినాను” అన్నాడు. “నువ్వు గోడ దూకినాక సూసినాను. మొండన్నాది నా గోరు. నువ్వు పదునన్నావు. ముసిలి గోరు, మందమైపోనాది, దానికేటి తెలుస్తాదనుకున్నాను. నిన్నే నమ్మినాను.”

ఆ మాటలో కోపం లేదు, దెప్పు లేదు. ఏం జరిగిందో చెప్పాడంతే. ముప్ఫై ఏళ్ళకి పైగా వర్క్‌షాపులో పనిచేసిన గోరుని కాదని, గాలిపటాల కోసం గోడ దూకిన పిల్ల మాట విన్నాడు. చెంపదెబ్బ తిన్నా నాకు అంత సిగ్గు వేసేది కాదు.

తర్వాత ఆయన ఉలి నూరి నా చేతికివ్వబోయాడు. నేను పట్టుకోలేదు. “నాకు తెల్దు తాతా, నువ్వే సూసుకో” అన్నాను. ఆయన ఉలి చాచి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో, చివరికి నేనే తీసుకున్నాను. ఎండలో అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. “ఉంది.” నూరాడు. “ఇంకా ఉంది.” మళ్ళీ నూరాడు. ఎన్నిసార్లు ఉందన్నానో లెక్క లేదు. ఆఖరికి ఎటు తిప్పినా గీత లేదు. ఇంకోసారి చూశాను, మళ్ళీ చూశాను. “నేదు తాతా.”

ఆయన గోరు మీద పెట్టి చూస్తాడనుకున్నాను. చూడలేదు. నేరుగా కొత్త కర్రకి ఉలి ఆనించాడు. ఉల్లిపొర లాంటి పొట్టు లేచి నా ఒళ్ళో పడింది.

నాన్న పానాని గూట్లో పెట్టేశాడు. తమ్ముడు కొత్త కర్రని ముందు ఒక వేలితో తాకాడు, తర్వాత అరచెయ్యి ఆనించాడు, పట్టుకోవడానికి ఇంకో వారం పట్టింది. నడిచాడు. ఇప్పుడు వాడికి మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చేశాయి.

నేను రైల్వే స్కూల్లో పంతులమ్మనై రిటైరయ్యాను. ఎవరైనా “కాస్త చూసి చెప్పు” అని అడిగితే నేను చప్పున చెప్పలేను. చారులో ఉప్పు సరిపోయిందా అంటే మూడుసార్లు నాలిక మీద వేసుకుంటానని కోడళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఒకసారి తప్పు చెప్పిన పిల్లని రెండోసారి గోరైనా ఆన్చకుండా మా తాతయ్య ఎలా నమ్మాడో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు. అర్థం కాకపోయినా, ఎవరైనా నా మాట మీద భరోసా పెట్టుకున్నప్పుడల్లా నాకు గుండె దడదడలాడుతుంది. డెబ్బై దాటినా ఆ దడ తగ్గలేదు, తగ్గకూడదనే నేను కోరుకుంటాను.