గది గది నుంచీ ఫోన్ చేసే సారు

సారు చనిపోయారన్న కబురు మంగళవారం పొద్దున, కౌంటర్ ముందు ఇద్దరు గదుల కోసం నిలబడి ఉండగా వచ్చింది. మహబూబాబాద్ నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మా నాయిన పోయిండు. దవాఖానలనే పానం పోయింది," అంది. నేను "అయ్యో" అని కూడా అనలేదు. "సరే అమ్మా" అని పెట్టేశాను. ఎదురుగా ఉన్న పత్తి వ్యాపారి వేడినీళ్లు ఎప్పుడొస్తాయని అడిగితే టైము చెప్పి, తాళం చెవి ఇచ్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావడం లేదు. మీతో అబద్ధమెందుకు, నాకు ఏమీ అనిపించడం లేదు.

జనగామలో రైల్వే స్టేషన్ దగ్గరున్న ఒక హోటల్లో నేను రిసెప్షన్ చూస్తాను. కింద ఫంక్షన్ హాలు, పైన ముప్పై రెండు గదులు. సారు ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యాక మా దగ్గర చేరారు. గదుల్లో ఫోన్లు, వరండాల్లో స్పీకర్లు, కప్పుకు బిగించిన పొగ సెన్సార్లు, ప్రమాదం వస్తే కొట్టే గంట, అన్నీ ఆయన చేతి కిందే ఉండేవి.

రోజూ ఖాళీ గదులన్నిటికీ వెళ్లి, ఒక్కో ఫోనూ ఎత్తి నాకు చేసేవారు. "ఇనవడ్తున్నదా బిడ్డా?" "ఇనవడ్తున్నది సారు." పెట్టేసి పక్క గదికి. పని ఒత్తిడిలో ఉన్నప్పుడు నాకు ఒళ్లు మండేది. ఒకసారి, "నిన్న పలికిన ఫోను ఇయ్యాల పలకదా సారూ?" అని విసుక్కున్నాను. "నిన్న పలికిందని ఇయ్యాల ఎట్ల నమ్ముతవు?" అని మళ్లీ అదే గది నుంచి చేశారు. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని వెనక మెట్ల మీదే తినేవారు. తాను కూర్చోకపోతే హాలువాళ్లు ఆ మెట్ల నిండా కుర్చీలు పేరుస్తారని ఆయన భయం. నిజంగానే పేర్చేవాళ్లు.

మైకులో ఏం చెప్పాలో నాకు నేర్పింది కూడా ఆయనే. అంతకుముందు ఒక కాగితం ఉండేది, "గౌరవనీయులైన అతిథులకు మనవి" అంటూ మొదలయ్యేది. అది చదివి నవ్వారు. "గౌరవనీయులు అనెటాల్లకే పొగ గొంతుల వడ్తది. ఏమైంది, యాడైంది, ఎటు దిగాలె. మూడే మాటలు. దయచేసి గియచేసి వద్దు."

ఇక పెళ్లిళ్ల సంగతి చెప్పాలి. మా వైపు పెళ్లికూతురికి తలంటి, జుట్టుకు సాంబ్రాణి పొగ వేస్తారు కదా. గదిలో వేస్తే సెన్సార్ మోగుతుంది. ఒకసారి అలా మోగి, పెళ్లికూతురు తడి జుట్టుతో రోడ్డు మీదికి పరుగెత్తింది. పెళ్లివారు మా యజమానిని నానా మాటలు అన్నారు. అప్పటినుంచి పెళ్లి గదుల్లో, స్నానానికి ఇచ్చే ప్లాస్టిక్ టోపీని సెన్సార్‌కు తొడగడం మాకు అలవాటైంది. సారు కనిపెట్టి అన్నీ ఊడబీకారు. "గిది దాని మూతికి గుడ్డలు కుక్కినట్టు," అన్నారు.

అయినా రెండేళ్ల కిందట ఒక ముహూర్తం నాడు, పెళ్లికూతురి మేనమామ బతిమాలితే నేనే టోపీ తొడిగించాను. గంటలో తీయిద్దామనుకున్నాను. మర్చిపోయాను. పెళ్లివారంతా కింద తలంబ్రాల దగ్గరుంటే, ఆ గదిలో ఎవరో చీర మీద ఇస్త్రీ పెట్టె వదిలేశారు. గంట మోగలేదు. వరండాలో పోతున్న సారుకు వాసన వచ్చింది. ఆ పక్క గదిలో ఫోనెత్తి, "రెండో అంతస్తుల పొగ. మైకు వట్టు," అన్నారు. నేను ఆ మూడు మాటలూ చెప్పాను. గదుల్లో ఉన్నవాళ్లు వెనక మెట్ల మీదుగా దిగిపోయారు. ఆ పక్క గదిలోనే నిద్రపోతున్న ఒక అవ్వను సారు ఎత్తుకుని దించారు. పరుపు, కర్టెన్లు కాలాయి. మనుషులకు ఏమీ కాలేదు.

టోపీ కరిగి సెన్సార్‌కు అంటుకుని ఉంది. "ఎవరు పెట్టిండ్రు?" అని యజమాని అరిచారు. నేను తల దించుకున్నాను. సారు దగ్గుతూ నా వైపు ఒకసారి చూసి, "నేనే. తీసుడు యాదిమర్చిన," అన్నారు. మర్నాటి నుంచి రావద్దన్నారు ఆయన్ని. నా జీతం మీద మా ఇల్లు నడుస్తుందని ఆయనకు తెలుసు. పోయే ముందు కౌంటర్ దగ్గర ఆగి, "ఫోన్లు రోజు చూడు బిడ్డా," అన్నారు, అంతే. నేను కృతజ్ఞత కూడా చెప్పలేదు. తర్వాత ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. సిగ్గుతో చేయలేదు.

దినాల నాడు రైలెక్కి మహబూబాబాద్ వెళ్లాను. వాకిట్లో షామియానా కింద చుట్టాలు భోజనాలు చేస్తున్నారు. వాళ్ల అమ్మాయి నా పక్కన కూర్చుంది.

"ఒక్కటి మనసుల వడ్తలేదక్కా. పొయ్యి బందు చేసిన్నా లేదా అని నాలుగుసార్లు చూసెటోడు మా నాయిన. గసొంటి మనిషి గా టోపీ ఎట్ల యాదిమర్చిండు? మతి తప్పుతున్నదని అప్పటిసంది మేము ఆయన్ని యాడికీ ఒక్కన్ని పోనియ్యలే. తాళం చెవి గూడ చేతికియ్యలే."

"గా టోపీ పెట్టిచ్చింది నేను," అన్నాను. "మర్చిపోయింది గూడ నేనే. మీ నాయిన ఏదీ మర్చిపోలే."

ఆమె తిడుతుందనుకున్నాను. లోపలికి తిరిగి, "అమ్మా, ఇటు రా. ఈ అక్క చెప్పేది నువ్వు గూడ ఇనాలె," అని పిలిచింది.

అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఆమెకు చెవులు సరిగ ఇనవడవు. జర గట్టిగ చెప్పు," అంది కూతురు. బంతిలో తింటున్నవాళ్ల చేతులు ఆగాయి. అమ్మ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ముఖం నా ముఖానికి దగ్గరగా తెచ్చి, "చెప్పు బిడ్డా," అంది.