ఇంజను తిరుగుతుండగా కొలిచిన నూనె

మునిరత్నమ్మ ఎడమకాలు చిన్ననాటి జ్వరంలో చచ్చుబడింది. ఆ సంగతిని ఊరు మరిచిపోనివ్వలేదు. ఆమె మాత్రం పట్టించుకోలేదు.

ఆమె భర్త మునస్వామి చిత్తూరులో బాడుగ కారు నడిపేవాడు. యుద్ధం ముగిశాక మద్రాసులో ఒక దొర వదిలించుకున్న అమెరికా కారును ఏరికోరి కొని తెచ్చాడు. దానికి ఎడమకాలితో తొక్కే క్లచ్చి లేదు. లోపలి నూనె బలంతో గేర్లు వాటంతటవే మారేవి. ‘నీ కోసరమే సేసినట్టుండాది సూడు’ అని భార్యను స్టీరింగు చక్రం ముందు కూర్చోబెట్టి నేర్పించాడు. లైసెన్సు ఇచ్చే అధికారి ఆమె కాలు చూసి నవ్వితే, ఆయననే ఎక్కించుకుని కోర్టు చుట్టూ తిప్పి తెచ్చింది.

మునస్వామి పోయాక ఆ కారే ఆమె బతుకు. పరాయి మగవాడి బండి ఎక్కడానికి జంకే ఆడవాళ్లు, నిండు చూలాళ్లు రాయవేలూరు ఆసుపత్రికి వెళ్లాలంటే ఆమెకే కబురు పంపేవారు.

1949 వేసవిలో ఆ కారు మొరాయించింది. మొగిలి కనుమ ఎక్కుతుంటే ఇంజను బొబ్బలు పెడుతోంది గాని చక్రాలకు బలం అందడం లేదు. ఎలాగో ఇంటికి చేర్చాక మెకానిక్ చిన్నబ్బ వచ్చాడు. ముందు సీటు కింద పరిచిన చాప ఎత్తి, గేరుపెట్టె నూనె కొలిచే కడ్డీని బయటికి లాగి వెలుతురుకు పట్టాడు.

“నూనె నిండుగా ఉండాదక్కా. అయినా జారతా ఉండాదంటే లోపలి బిళ్లలు అరిగిపోయినట్టే. ఈ మాదిరి గేరుపెట్టె మన జిల్లాలో ఎవురూ ఇప్పింది లేదు.”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆమె మరిది దామోదరం రాయవేలూరు పాతఇనుము వ్యాపారికి మాట ఇచ్చేశాడు. కారు ఎవరి పేరున ఉన్నా మాట మగవాడిదే. వ్యాపారి ఆ మధ్యాహ్నమే వస్తాడు.

“నీకు ఒంటెద్దు బండి కట్టిస్తాలే వదినా. సుకంగా కూర్చోని పోదువు.”

“కూర్చోబెట్టి తోలుకోని పొయ్యేదానికి నేనేమన్నా బియ్యం మూటనా, దామోదరం?”

వేరే ఏ కారు కొన్నా దానికి క్లచ్చి ఉంటుంది. ఇది పోతే ఆమె ఇక జన్మలో మోటారు నడపలేదు. మునిరత్నమ్మ అరుగు మీద కూర్చుని ఆ కడ్డీని వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది. పుట్టింట్లో కపిల తోలే బావి ఆమెకు గుర్తుకొచ్చింది. ఎద్దులు తోలుతున్నంతసేపూ నీళ్లు కాలువల్లో ఉంటాయి, బావి దిగిపోతుంది. తోలడం ఆపితే మళ్లీ పైకి వస్తుంది. పెట్రోలు కూపన్ల కరువులో, నూనె చూడడానికని ఇంజను తిప్పే పిచ్చివాడు ఊళ్లో ఒక్కడూ లేడు. అందరూ ఆగిన బండిలోనే చూస్తారు. అంటే ఇంతకాలమూ తోలడం ఆపిన బావినే కొలిచారు.

ఆమె లేచి వెళ్లి కడ్డీని దాని చోట దించి కారులో కూర్చుంది. గేరు మీటను ఏ గేరూ పడకుండా నడిమికి పెట్టి ఇంజను తిప్పింది.

దామోదరం పరుగెత్తుకొచ్చాడు. “ఆపు! ఉండేదే రాయవేలూరు దాకా పొయ్యే పెట్రోలు!”

“పోకూడదనే కాలస్తా ఉండా.”

“మతి పొయ్యిందా నీకు?”

“కూపన్లు నా పేరున ఉండాయి. మతి ఎవురి పేరున ఉంటే నీకేమి? చిన్నబ్బా, ఇట్లారా!”

బానెట్టు మీద చెయ్యి ఆననంత వేడెక్కేదాకా ఆమె ఆపలేదు. అప్పుడు, ఇంజను తిరుగుతుండగానే, కడ్డీ తీయమంది. చిన్నబ్బ తీసి, తుడిచి, మళ్లీ దించి తీశాడు. గీత దాకా ఉండాల్సిన నూనె కడ్డీ కొసన మాత్రమే తడిగా అంటుకుంది.

“అబ్బా! ఇందాక నిండుగా ఉన్నింది యాడికి పాయె?”

“పని సేసే తావుకు పాయె. ముందు వాసన సూడు. బిళ్లలు కాలింటే మాడు కంపు రావాల గదా.”

చిన్నబ్బ వాసన చూశాడు. తెల్లగుడ్డ మీద రుద్ది ఎండలో తిప్పి చూశాడు. మాడు వాసన లేదు, ఇనుప రజను లేదు. అతని ముఖంలో పంతం కరిగి పనివాడి హుషారు వచ్చింది. బండి కిందికి దూరి, గేరుపెట్టె అడుగు పళ్లెం అంచున బెండు వాషరు చెమర్చడం చూసి అక్కణ్ణుంచే అరిచాడు: “ఈడ కారతా ఉండాదక్కా!”

మరలు బిగించారు. మునస్వామి మద్రాసు నుంచి తెచ్చి దాచిన డబ్బాలోని నూనెను ఇంజను తిరుగుతుండగానే గరాటుతో కొంచెం కొంచెంగా పోశారు. ఎక్కువైతే నురగ కట్టి మళ్లీ జారుతుందని చిన్నబ్బ పోసినప్పుడల్లా కొలిచాడు.

అప్పటికి వ్యాపారి వాకిట్లో నిలబడి ఉన్నాడు. “సరుకు యాడుండాది?”

“సరుకు లేదప్పా. కారుండాది. అమ్మేది లేదు,” అంది మునిరత్నమ్మ చక్రం ముందు నుంచే.

దామోదరం బండికి అడ్డంగా నిలబడ్డాడు. “నా మాట పోతాది వదినా.”

“నీ మాట నువ్వు మోసుకో. నాకుండే కాలు ఇదే. పక్కకు జరుగు.”

ఆమె మీట కదిలించింది. కారు ముందుకు ఒరిగింది. దామోదరం తిట్టుకుంటూ తప్పుకున్నాడు.

ఊరి బయటి మిట్ట మొదట్లో గేరు మారేచోట బండి ఒక్కసారి ఎగిసిపడింది. పక్క సీట్లో చిన్నబ్బ తలుపు గట్టిగా పట్టుకున్నాడు. మునిరత్నమ్మ తొక్కిన కుడికాలు ఎత్తలేదు. ఆ కుదుపు ఆ రోజు పోలేదు, తర్వాతా పూర్తిగా పోలేదు. కాని చక్రాలకు బలం అందింది. కారు మిట్టంతా ఒక్క ఊపున ఎక్కి, పైకి చేరి, ఊరివైపు మళ్లుతుండగా పెట్రోలు అయిపోయి ఆగింది.

కింద నుంచి దామోదరం, వ్యాపారి రొప్పుకుంటూ వచ్చారు. చుక్క పెట్రోలు లేని బండిని రాయవేలూరు దాకా ఎలా లాక్కుపోవాలో వ్యాపారికి తోచలేదు. పట్నానికి పోయే బస్సు కనిపించగానే చెయ్యెత్తాడు.

“ఇప్పుడేమి సేస్తావు?” అన్నాడు దామోదరం, చెమట తుడుచుకుంటూ.

మునిరత్నమ్మ చక్రాన్ని ఊరివైపు తిప్పి పట్టుకుంది.

“ఎనక్కి పొయ్యి ఒక్క తోపు తొయ్యి. ఇంటిదాకా పల్లమే.”

అతను వ్యాపారి ఎక్కిన బస్సువైపు ఒకసారి చూసి, పంచె ఎగగట్టి, కారు వెనక్కి వెళ్లాడు.