తవుడులో వెల్లుల్లి

మొన్న తెనాలిలో, కాన్పయిన నా కూతురి కోసం నేతిలో వెల్లుల్లి రెబ్బలు వేయిస్తున్నాను. ఆ వాసనకు లేచి వచ్చి, "ఇది తింటే పాలకు వాసన వస్తుందా అమ్మా?" అని అడిగింది.

"వస్తుంది. నేను చూశాను" అన్నాను.

ఎనభైల్లో మాట. రేపల్లెలో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. అమ్మకు పాలు చాలక వాడు ఏడుస్తూనే ఉండేవాడు. మా గేదె పాలేమో టీచరమ్మగారింటికి వాడుక. బాలింతకు వెల్లుల్లి పెడితే పాలు పడతాయని పక్కింటి పెద్దమ్మ చెబితే, నాన్న సంతలో కొని తెచ్చాడు. అమ్మకంటే గేదె పెద్దది కదా, దానికి పెడితే పాలు ఎక్కువ పడి తమ్ముడికి కూడా మిగులుతాయనుకున్నాను. సాయంత్రం పాయలన్నీ దంచి తవుడులో కలిపి పెట్టేశాను.

మర్నాడు టీచరమ్మగారు పాలచెంబు వెనక్కి తెచ్చారు. "ఏంటమ్మాయ్, మీ గేదె పచ్చడన్నం తిందా?"

అమ్మ చెంబు వాసన చూసింది. తర్వాత నా చేతులు వాసన చూసింది. ఏడుస్తూ జరిగింది చెప్పాను. కొడుతుందనుకున్నాను. "నాకు తెచ్చిన వెల్లుల్లేగా, పారబోయడం ఎందుకు" అని ఆ పాలు కాచుకుని తాగేసింది. నాకది వేడుకగా అనిపించింది. మళ్ళీ సంత దాకా వెల్లుల్లి లేక అమ్మ ఒట్టి చారన్నమే తిన్నదనీ, తమ్ముడి ఏడుపు తగ్గలేదనీ అప్పుడు పట్టించుకోలేదు.

ఇదంతా విని నా కూతురు, "అంటే నేను గేదెనా?" అని మూతి ముడిచింది.

"నోరు మూసుకుని తిను" అన్నాను. మామూలుగా నూనె చుక్క కూడా కొలిచి వేసే మనిషిని. ఆ రోజు మాత్రం ఇంకో గుప్పెడు రెబ్బలు ఒలిచి మూకుట్లో వేశాను.