వహీదా మేడం మార్చిన అంకె

మా ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పొద్దున్నుంచి బోరు వేస్తున్నారు. కిటికీలు మూసినా తెల్లటి రాతిపొడి బల్లల మీద పేరుకుంటోంది, నోట్లో కరకరలాడుతోంది. తోటివాళ్లంతా విసుక్కుంటున్నారు. నాకు మాత్రం ఆ పొడి వాసనకి, గుంతకల్లులో కంప్యూటరు నేర్పిన వహీదా మేడం గుర్తొచ్చారు. ఆమెను తలచుకుంటే ముందు ప్రేమ, వెంటనే కొంచెం కోపం. ఏది సరైనదో నాకు ఇప్పటికీ తేలలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. డిగ్రీ అయ్యాక రోజూ మా ఊరి నుంచి బస్సులో వచ్చి ఆమె దగ్గర నేర్చుకునేదాన్ని. ఆమె భర్త రైల్వేలో పనిచేసేవారు. స్టేషన్ దగ్గర మేడ మీద ఒకే గది, గోడ వారగా పాత కంప్యూటర్లు. మేము ఆటలు ఆడితే ఆమె ఊరుకునేవారు కాదు. తను మాత్రం ఖాళీ దొరికితే చాలు, మేము ఉత్తరాలు టైపు చేసే ఎడిటర్ తెరిచి, తెర నిండా చుక్కలు పెట్టి, అక్కడక్కడ స్టార్ గుర్తులు చల్లేవారు. తర్వాత ఒక మీట నొక్కి చేతులు కట్టుకుని కూర్చునేవారు. కర్సర్ తనంతట తానే ఒక్కో గుర్తు దగ్గరికీ వెళ్లి, దాని చుట్టూ తిరిగి, ముందుకు కదిలేది. అంతా తిరిగాక కొన్ని స్టార్లు చుక్కలయ్యేవి, కొన్ని చుక్కలు స్టార్లయ్యేవి.

ఏయే మీటలు ఏ వరసలో నొక్కాలో ఎడిటర్‌కి ఒకసారి నేర్పిపెడితే, తర్వాత ఒక్క మీటతో అదంతా చేసేస్తుందని, దాన్ని మాక్రో అంటారని చెప్పారు. నియమం కూడా చెప్పారు. చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో రెండో మూడో స్టార్లుంటే మధ్యలోది బతుకుతుంది. తక్కువైతే ఒంటరిదై చస్తుంది, ఎక్కువైతే ఇరుకై చస్తుంది. చుక్క చుట్టూ సరిగ్గా మూడుంటే అక్కడ కొత్త స్టార్ పుడుతుంది. నాకు తల తిరిగిపోయింది. ఆటైతే ఆడేదెవరు, లెక్కైతే జవాబేది అని అడిగాను. నాకూ తెలీదమ్మా, చూస్తాంటే బాగుంటాది అన్నారు. నేర్పేవాళ్లు తెలియదనడం నేనెప్పుడూ వినలేదు. లోపల చిరాకు పడ్డాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చుట్టుపక్కల చేలవాళ్లు వరసగా బోర్లు వేయించాక మా బావి ఎండిపోయింది. నాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. టెంకాయ ఒకచోట నిలబడింది, నీళ్లు అక్కడే అన్నాడు. ఇంకొకర్ని పిలిపిస్తే వేరేచోట నిలబడింది. అప్పు తెచ్చి బోరు వేసి నీళ్లు పడకపోతే చేను అమ్ముకోవడమే గతి. అమ్మకు ఆ దిగులుతో తిండి సయించేది కాదు.

పని మీద టౌనుకొచ్చిన నాయన ఒక సాయంత్రం నన్ను తీసుకుపోవడానికి సెంటర్‌కి వచ్చాడు. తెర చూసి ఇదేందని అడిగితే నాకొచ్చినట్టు చెప్పాను. చుట్టూ ఎక్కువైతే మధ్యది చస్తుందన్న మాట దగ్గర ఆగిపోయాడు. అది అచ్చం మా బావి కథే. కుర్చీ లాక్కుని కూర్చుని, మా చేను చుట్టూ ఎవరెవరి బోర్లు ఆడుతున్నాయో చెప్పి, బోరుకొక స్టార్, మా చేనుకు చుక్క పెట్టమన్నాడు. ఇది నీళ్లు చూసేది కాదని మేడం ఎంత చెప్పినా వినలేదు.

"టెంకాయ చూసినాను, ఇదీ చూస్తానమ్మా" అన్నాడు.

ఆమె కాదనలేక మీట నొక్కారు. మా చేను చుట్టూ సరిగ్గా మూడు బోర్లు. కర్సర్ తిరిగి తిరిగి వచ్చింది, మా చేనులో స్టార్ పుట్టింది. నాయన ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. తెరకు దండం పెట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మేడం ముఖం పాలిపోయింది. గబగబా మాక్రో తెరిచి, కొత్త స్టార్ పుట్టడానికి మూడు ఉండాలన్నచోట నాలుగు చేసి, పాత పటం మళ్లీ పెట్టి మీట నొక్కారు. ఈసారి మా చేను చుక్కగానే మిగిలిపోయింది.

"చూడన్నా, ఒక అంకె మారిస్తే నీ నీళ్లు పోయినాయి. ఈ అంకె పెట్టింది నేను. నీ భూమికి ఏ అంకె ఉండాదో నాకు తెలీదు."

"మరి బోరు వేయాల్నా, వద్దా?"

"అదీ తెలీదు."

నాయన బోరు వేయలేదు. మరుసటేడు మా గట్టు పక్కనే పొరుగాయన వేయిస్తే నీళ్లు ఎగజిమ్మాయి. అమ్మ మేడంను తిట్టని రోజు లేదు, నేనూ లోలోపల తిట్టుకున్నాను. పొరుగాయన రెండు పంటలు తీశాక ఆ బోరూ ఎండిపోయింది. చివరికి చేను అమ్ముకుని ఊరొదిలి పోయాడు. ఆమె మమ్మల్ని కాపాడారా, ఆ రెండు పంటలూ మాకు దక్కకుండా చేశారా? ఎటు ఆలోచించినా తేలదు.

నాయనను ఒకసారి అడిగాను, ఆమె మీద కోపం లేదా అని.

"టెంకాయోడు తెలుసన్నాడు, బోరుబండోడు తెలుసన్నాడు. తెలీదని చెప్పింది ఆమె ఒక్కతే. ఆ మాట తోసేయబుద్ధి కాలేదమ్మా" అన్నాడు.

ఇప్పుడు నేను రైతులకు పంటల సలహాలు చెప్పే ఆఫీసులో పనిచేస్తున్నాను. నా తెర మీద అంకెలు చూపించి, వేయమంటారా మేడం అని అడుగుతారు. తెలిసినంత చెప్పి, మిగతాది నాకు తెలీదన్నా అంటాను. కొందరు నా ముఖం చూసి ఆలోచనలో పడతారు. కొందరు విసురుగా లేచి, తెలుసని చెప్పేవాళ్ల దగ్గరికి పోతారు. వాళ్లను వెనక్కి పిలవాలో, పోనివ్వాలో నాకు తెలియదు.