ఎర్రబడిన చేతులు

తొంభైల్లో మేము మిర్యాలగూడలో ఉండేవాళ్ళం. ఏటా చలికాలం ఫ్లూ జ్వరం వస్తే మా అత్తమ్మకు ఆయాసం ముదిరి, బతుకుతుందో లేదోనని భయపడేవాళ్ళం. అందుకే కొత్త ఫ్లూ టీకాను పరీక్షించే డాక్టర్లు మా వాడకొచ్చినప్పుడు బతిమాలి ఆమెను ఒప్పించాను. సగం మందికి అసలు టీకా, సగం మందికి ఉత్త నీళ్ళ సూది అన్నారు. టీకా బాగా పనిచెయ్యడానికి ఇంకో మందు కలిపారట. దానివల్ల చెయ్యి ఎర్రబడితే కొలుస్తామని, ఏమీ పూయొద్దని మరీ మరీ చెప్పారు.

సూది వేసిన మర్నాడు డాక్టరమ్మ వచ్చి అత్తమ్మ చెయ్యి చూసి అదిరిపడింది. భుజం నుంచి మోచేతిదాకా ఎర్రగా ఉంది. "జీపు తియ్యండి, హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి" అంటుంటే నేను గబగబా అత్తమ్మ బట్టలు సంచిలో కుక్కాను. వేయించింది నేనే కదా.

అత్తమ్మ తాపీగా, "ఏం గాలే బిడ్డా. నొప్పి గుంజుతదని పసుపు, సున్నం కలిపి పట్టు వేసిన. సూదులేసుకున్నోళ్ళందరికి ఇచ్చిన" అన్నది.

పసుపులో సున్నం కలిపితే ఎర్రగా కాక ఇంకేమైతది? నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఇల్లిల్లూ తిరిగి అందరి చేతులూ కడిగించేసరికి నా నడుము పడిపోయింది.

కడిగిన చెయ్యి చూసుకుని అత్తమ్మ మూతి ముడిచింది. "వాపే లేదు. నాది నీళ్ళ సూదేనా?"

"మాక్కూడా తెలియదమ్మా. అంతా అయ్యాకే చెప్తారు" అన్నది డాక్టరమ్మ.

"పొడిసినోళ్ళకే ఎరుక లేకపోతే ఇగ ఆ దేవునికే ఎరుక."

ఆ చలికాలం ఆమెకు ఆయాసం రాలేదు. మందో, నీళ్ళో నాకు తెలియదు. దీపం పెట్టేటప్పుడు ఆ డాక్టరమ్మను కూడా తలుచుకునేదాన్ని. నెల తర్వాత వేసిన రెండో సూది నాడు మాత్రం సున్నం డబ్బీ నా కొంగున కట్టుకున్నాను.